ఒరిజినలేనా అన్నా?

వారానికి ఒకటో రెండో ఫోటోలు నా వాట్సాప్‌కి వస్తూనే ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్ళు, ఆకెన్‌లో చదువుకునే పిల్లలు, అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి కూడా. అరచేతిలో ఒక నల్లటి శిలువ, చుట్టూ వెండి అంచు, ఫోటో కింద ఒకటే ప్రశ్న: "ఒరిజినలేనా అన్నా?" నేను జవాబు టైప్ చేసేలోపే రెండోది వచ్చేస్తుంది: "ఎంత పలుకుతుంది?"

ఈ రెండిటికీ నాకు తెలిసినంతలో చెప్తూనే ఉన్నాను, చెప్పడం మానను కూడా. కానీ మొన్న ఒక తమ్ముడు పంపిన పతకం గురించి ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. అచ్చు బాగుంది, అంచు బాగుంది, రిబ్బన్ పాతదే, మీద ఉన్న చిన్న లోహపు పట్టీ కూడా సరిగ్గానే ఉంది. అసలుదే అని చెప్పాను. "హమ్మయ్య, డబ్బులు పోలేదు" అని ఫోన్ పెట్టేశాడు. అది ఏ యుద్ధానిది, ఎవరికిచ్చారు, ఏం చేసినందుకిచ్చారు అని ఒక్క మాట అడగలేదు. ఆ పట్టీ మీద ఉన్న పేరేమిటో కూడా అడగలేదు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు. పదకొండేళ్ళుగా పాత జర్మన్ సైనిక పతకాలు సేకరిస్తున్నాను, అసలా నకిలీనా అని తేల్చేసి అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్ళనే ఎక్కువ చూశాను, చాలా కాలం నేనూ అలాగే ఉన్నాను. అది సగం పని. మిగతా సగం చేయకుండా ఆ వస్తువుని అల్మరాలో పెట్టుకోవడం తప్పని నేను అనుకుంటున్నాను, ఎందుకో ఇక్కడ చెప్తాను. ఆ తమ్ముడి పతకం దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు నేనెలా వచ్చానో చెప్పాలి. నేను బాలానగర్‌లో టూల్ అండ్ డై నేర్చుకున్నవాణ్ణి. ఉక్కు దిమ్మెలో బొమ్మ తిరగేసి చెక్కడం, దానికి గట్టిదనం ఎక్కించడం, ప్రెస్ కింద పెట్టి రేకు మీద ఒత్తడం, ఇదే నా పని. ఉద్యోగం మీద జర్మనీ వచ్చి లూడెన్‌షైడ్ దగ్గర స్థిరపడ్డాను. ఈ ఊరు ఒకప్పుడు బొత్తాలకి పేరు. సైనికుల చొక్కాల మీది ఇత్తడి బొత్తాలు కొట్టిన ప్రెస్సే కాస్త పెద్ద డై వేస్తే పతకమూ కొడుతుంది, అందుకే విల్హెల్మ్ డోయ్‌మర్, స్టైన్‌హావర్ ఉంట్ ల్యూక్ లాంటి పతకాల కంపెనీలు ఈ చిన్న ఊళ్ళో పుట్టాయి. ఫోర్ట్స్‌హైమ్ నగల ఊరు, అక్కడా అంతే. ఈడర్-ఒబర్‌స్టైన్ రాళ్ళు సానపట్టే ఊరు, అక్కడా అంతే. పతకం అనేది ఏ రాజు గారి ఖజానా గదిలోనో పుట్టిందనుకుంటాం కానీ ఎక్కువ భాగం ఇలా బొత్తాలు, బకిల్స్, బ్రూచీలు చేసే పనివాళ్ళ చేతుల్లోంచి వచ్చినవే. నన్ను దీనిలోకి లాగింది ఆ పనివాళ్ళే. వందేళ్ళ కిందట ఎవడో నాలాంటివాడు చెక్కిన డైలో ఎక్కడ పగులు వచ్చిందో ఇవాళ పతకం మీద సన్నటి ఉబ్బు గీతగా చూడగలగడం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం.

అంత తెలిసినవాణ్ణయ్యుండి కూడా మొదటిసారే మోసపోయాను. ఇక్కడ ఆదివారాల్లో ఫ్లోమార్క్ట్ అని పాత సామాన్ల సంత పెడతారు, మన జుమ్మెరాత్ బజార్ లాంటిదే, కాకపోతే ఇక్కడ చలి. ఒక పెద్దాయన దగ్గర 1914 నాటి ఇనుప శిలువ, రెండో తరగతిది, 90 యూరోలకి కొన్నాను. వాళ్ళ తాత మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని వెర్డన్ పోరులో సంపాదించాడని చెప్పాడు. ఇంటికొచ్చి అయస్కాంతం పెడితే అంటలేదు. సరే, అరుదుగా అయస్కాంతానికి అంటని రకాలూ ఉన్నాయని తెలుసు కాబట్టి భూతద్దం తీశాను. పక్క అంచు మీద అతుకు గీత లేదు. అంటే మూడు ముక్కలు కలిపి చేసింది కాదు, ఒకే ముక్కగా పోత పోసి, మధ్యలో నల్ల పెయింట్ వేశారు. కిరీటం కింద సూదిమొనంత బుడగ గుంటలు. వెర్నియర్ పెట్టి కొలిస్తే 42 మిల్లీమీటర్లు ఉండాల్సింది అర మిల్లీమీటరు తక్కువ. అసలుదాన్ని అచ్చులో పెట్టి పోత పోస్తే లోహం చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు అటూ ఇటూగా ముడుచుకుంటుంది, డై పని నేర్చుకునే పిల్లాడికి మొదటి నెలలో చెప్పే పాఠం అది. ఆ వస్తువు చేతిలో పట్టుకుని కూడా నేను చూడలేదు, ఎందుకంటే నేను వింటున్నది వెర్డన్ తాత కథ.

ఇనుప శిలువ గురించి కొంచెం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే జర్మన్ పతకాలు అనగానే అందరి చేతుల్లోకి ముందు వచ్చేది అదే. 1813 మార్చిలో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యాల్లో పెద్దది) రాజు మూడో ఫ్రెడ్రిక్ విల్హెల్మ్ బ్రెస్లావ్‌లో దీన్ని నెలకొల్పాడు. మార్చి 10 అని తేదీ వేయించాడు, అది చనిపోయిన ఆయన భార్య లూయీజె రాణి పుట్టినరోజు. రాజు గీసిన బొమ్మని వాస్తుశిల్పి షింకెల్ తీర్చిదిద్దాడు. ఇనుమే ఎందుకంటే నెపోలియన్ దెబ్బకి ఖజానా ఖాళీ. అప్పట్లోనే ఆడవాళ్ళు ఒంటి మీది బంగారం యుద్ధానికిచ్చి బదులుగా ఇనుప ఉంగరాలు, ఇనుప గొలుసులు తీసుకున్నారు, "ఇనుముకి బంగారం ఇచ్చాను" అని వాటి మీద రాసి ఉండేది. మంగళసూత్రంలో ఇంత బంగారమైనా ఉండాలని చూసుకునే మనకి ఆ మాట ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు గొప్ప పతకాలన్నీ అధికారులకీ కులీనులకీ. ఇది మాత్రం మామూలు సిపాయికి కూడా ఇవ్వొచ్చన్నారు. తర్వాత 1870లో, 1914లో, 1939లో మళ్ళీ మళ్ళీ పునరుద్ధరించారు. ప్రతిసారీ సంవత్సరం మారుతుంది, మధ్యలో గుర్తు మారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండో తరగతి శిలువలు 50 లక్షల దాకా ఇచ్చారు. అందుకే అది ఇవాళ్టికీ సంతలో దొరుకుతుంది, అందుకే దాని ధర ఆకాశంలో లేదు.

అసలుదాన్ని ఎలా చూడాలంటే, నేను చేసే వరసలోనే చెప్తాను. ముందు పక్క అంచు. నల్లటి ఇనుప మధ్య భాగం ఒకటి, దాన్ని ముందూ వెనకా పట్టి ఉంచే రెండు వెండి చట్రాలు, ఆ రెండూ అంచు మీద కలిసేచోట వెంట్రుకవాసి అతుకు. మంచి పనివాడు ఆ అతుకుని దాదాపు కనపడకుండా సానపట్టేస్తాడు, అయినా భూతద్దంలో ఎక్కడో ఒకచోట, ముఖ్యంగా శిలువ చేతుల లోపలి మూలల్లో, దొరుకుతుంది. తర్వాత చట్రం లోపలి వరస మీద ఉండే సన్నటి పూసల్లాంటి గీతలు. డైతో కొట్టినదైతే ప్రతి పూసా వేరుగా, మొనదేలి ఉంటుంది. పోతదైతే వేసవిలో కరిగిన బెల్లప్పాకంలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. తర్వాత వెనక్కి తిప్పి 1813 అంకెలు, ఓక్ ఆకులు చూస్తాను. అప్పుడు రింగు. దాని మీద తయారీదారు గుర్తు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గుర్తు లేనంతమాత్రాన నకిలీ కాదు. గుర్తు ఉన్నంతమాత్రాన అసలు అంతకంటే కాదు, ఎందుకంటే అక్షరాలు కొట్టడం అన్నిటికంటే తేలిక. 1939 తర్వాతి వాటిలో అంకెలు కనిపిస్తాయి, 1 అంటే మ్యూనిక్‌లో డెష్లర్, 2 అంటే బెర్లిన్‌లో యుంకర్, 4 అంటే మా ఊరి స్టైన్‌హావర్. రిబ్బన్‌కి అతినీల కాంతి టార్చి వేస్తాను. యుద్ధం తర్వాతి దారాల్లో, సబ్బు పొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. పాత రిబ్బన్‌ని ఎవరైనా ఈ కాలపు సబ్బుతో ఉతికితే అదీ మెరుస్తుంది, కాబట్టి ఒక్క టార్చితో తీర్పు చెప్పకూడదు. అయస్కాంతం కూడా అంతే. ఇనుము కాని మధ్య భాగంతో చేసినవి నిజంగా ఉన్నాయి, ఓడల దిక్సూచికి అడ్డం రాకూడదని నావికుల కోసం చేశారని కథ చెప్తారు. కథగా వినడానికి బాగుంటుంది, నేను మాత్రం దాన్ని లేబుల్ మీద రాయను.

ఇక్కడిదాకా నేర్చుకుంటే చాలామంది తమకి అంతా వచ్చేసిందనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. యుద్ధం 1945లో అయిపోయింది, డైలు అయిపోలేదు. ఉక్కు డై ఒకసారి చేస్తే దశాబ్దాలు బతుకుతుంది, భద్రంగా దాచుకుంటారు, నేనైనా దాచుకుంటాను. 1957లో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది: రెండో ప్రపంచ యుద్ధపు పతకాలు పెట్టుకోవచ్చు, స్వస్తిక గుర్తు ఉండకూడదు. శిలువ మధ్యలో ఆ గుర్తు బదులు ఓక్ ఆకులు పెట్టి కొత్తవి కొట్టారు, స్టైన్‌హావర్ కంపెనీ అందులో పెద్దది. వాటిని నకిలీ అనలేం, చట్టబద్ధంగా చేసినవి, బతికి వచ్చిన సైనికులు కొనుక్కుని పెట్టుకున్నవి. గొడవ ఎక్కడంటే అవే డైల నుంచి స్వస్తికతో ఉన్నవి కూడా సేకరించేవాళ్ళ కోసం బయటికొచ్చాయి. అదే ఊరు, అదే డై, బహుశా అదే పనివాడి చేయి, తేడా పదిహేనేళ్ళు. ఇప్పుడు చెప్పండి, అది అసలా నకిలీనా? లోహంలో జవాబు సగమే ఉంది. డైలో పగులు ఏ దశలో ఉందో చూసి ముందూ వెనకా లెక్కగట్టేవాళ్ళున్నారు, వాళ్ళ ఓపికకి నేను దండం పెడతాను. కానీ ఆ ప్రశ్న చివరికి వచ్చి నిలబడేది ఎక్కడంటే, ఇది ఎవరి ఛాతీ మీదైనా ఎక్కిందా, ఎక్కితే దేనికి? అంటే నకిలీని పట్టుకోవడానికి కూడా మిగతా సగం పని చేయాల్సిందే.

మన నేతాజీ పతకాల విషయంలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. 1941 నవంబర్‌లో బెర్లిన్‌లో స్వతంత్ర భారత కేంద్రం మొదలైంది, తర్వాత భారతీయ యుద్ధఖైదీల నుంచి, జర్మనీలో ఉన్న విద్యార్థుల నుంచి సుమారు మూడు వేల మందితో దళం ఏర్పడింది. వాళ్ళ కోసం 1942లో బోస్ ఆజాద్ హింద్ పతకాలు నెలకొల్పాడు: షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్. యుద్ధంలో చూపిన ధైర్యానికైతే కత్తులతో, లేకపోతే కత్తులు లేకుండా. వీటిని తయారుచేసింది వియన్నాలోని సూవాల్ కంపెనీ, అది యుద్ధం తర్వాత కూడా పాత డైలతో పతకాలు కొడుతూనే వచ్చిందని సేకరించేవాళ్ళందరికీ తెలుసు. అందుకని ఎవరైనా వీర్-ఎ-హింద్ ఫోటో పంపి ఒరిజినలేనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే, దీంతో కాగితం ఏమైనా వచ్చిందా, ఏ ఇంటి నుంచి వచ్చింది? బెర్లిన్‌లో బోస్‌కి కార్యదర్శిగా ఉన్న ఆబిద్ హసన్ మన హైదరాబాద్ వాడే. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యూ-180 జలాంతర్గామిలో బోస్‌తో పాటు బయల్దేరి, మడగాస్కర్ దగ్గర సముద్రం మధ్యలో జపాన్ జలాంతర్గామిలోకి మారినవాడు. అలాంటి మనుషులకి సంబంధించిన వస్తువుని ఎవరిదో తెలియకుండా, కాగితం ముక్క లేకుండా "నేతాజీ మెడల్, మింట్ కండిషన్" అని కొనడం నా చేత కాదు.

ఎందుకిచ్చారు అన్న ప్రశ్నకి చూసే చోటుని బట్టి జవాబు మారుతుంది, అదీ ఒప్పుకోవాలి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద ఫిరంగి గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. మద్రాసు హైకోర్టు గోడ దగ్గర ఆ గుర్తుగా ఒక ఫలకం ఇప్పటికీ ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే, ఊరు ఖాళీ చేసి పరిగెత్తిన జనంలో మనవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆ నౌక కెప్టెన్ ఫాన్ ముల్లర్‌కి మొదటి తరగతి ఇనుప శిలువ ఇచ్చారు. జర్మనీలో ఆయన సముద్ర వీరుడు, పట్టుకున్న ఓడల సిబ్బందిని మర్యాదగా చూసినవాడని శత్రువులే చెప్పారు. మద్రాసు ఒడ్డున మూటాముల్లే సర్దుకున్న ఇల్లాలికి ఆ శిలువ ఏమిటి? రెండూ ఒకే లేబుల్ మీద పట్టాలి, పట్టించాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన వాటి దగ్గరికి వస్తాను, పతకాల పట్టీలు. ఒక మనిషికి వచ్చిన పతకాలన్నీ వరసగా ఒకే పట్టీ మీద కుట్టించుకునేవాళ్ళు. బ్రిటిష్ పతకాల అంచు మీద సైనికుడి పేరు, నంబరు కొట్టి ఉంటాయి. జర్మన్ వాటి మీద చాలా మటుకు ఉండవు. పేరు లేని వస్తువులో మనిషిని వెతకాలంటే ఈ వరసే ఆధారం. జర్మన్ సామ్రాజ్యం ఒకే దేశమైనా లోపల ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వ్యుర్టెంబర్గ్, హాంబుర్గ్ ఎవరి పతకాలు వాళ్ళవే. హాంబుర్గ్, బ్రేమెన్, ల్యూబెక్ మూడు నగరాలు ఎర్రటి మీనాకారీ శిలువలిచ్చాయి, మధ్యలో కోట ఉంటే హాంబుర్గ్, తాళంచెవి ఉంటే బ్రేమెన్, రెండు తలల గద్ద ఉంటే ల్యూబెక్. నా దగ్గర ఒక మూడు పతకాల పట్టీ ఉంది: 1914 ఇనుప శిలువ, దాని పక్కన పసుపు మీద నీలం చారల రిబ్బన్‌తో ఫ్రెడ్రిక్ ఆగస్ట్ కంచు పతకం, ఆ పక్కన కత్తులున్న హిండెన్‌బర్గ్ శిలువ. ఇప్పుడు చదవండి. రెండోది సాక్సనీది, కాబట్టి మనిషి సాక్సనీ వాడు. అందులో వెండిది హవల్దార్ల స్థాయి వాళ్ళకి, కంచుది మామూలు సిపాయిలకి, కాబట్టి ఈయన సిపాయి. కత్తులున్నాయి, కాబట్టి ముందు వరసలో పోరాడాడు. మూడోది 1934లో పెట్టింది, కాబట్టి అప్పటికి బతికే ఉన్నాడు, దాన్ని చేర్చి కొత్తగా పట్టీ కుట్టించుకున్నాడు. రిబ్బన్ మీద అరిగిన చోటు చూస్తే చాలాసార్లు పెట్టుకున్నాడు. పేరు తెలియదు, కానీ మనిషి దాదాపు ఎదురుగా నిలబడ్డాడు.

ఈ పట్టీని నాకు అమ్మినాయన ఏమన్నాడో తెలుసా, "కావాలంటే విప్పి ఇస్తాను, శిలువ ఒక్కటీ తీసుకో, చవగ్గా పడుతుంది." అలా విప్పి అమ్మడం రోజూ జరుగుతోంది, మూడు విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది కదా. దారం కోసిన క్షణంలో ఆ సాక్సనీ సిపాయి మాయమైపోతాడు, మళ్ళీ ఎవరూ కలపలేరు. కాగితాలు ఉంటాయిలే అనుకుంటారేమో. ప్రష్యా సైన్యపు దస్త్రాలు పోట్స్‌డామ్‌లో ఉండేవి, 1945 ఏప్రిల్‌లో బాంబు దాడికి కాలిపోయాయి. బవేరియా, సాక్సనీ, వ్యుర్టెంబర్గ్ దస్త్రాలు మిగిలాయి కాబట్టి అక్కడి మనుషుల్ని కొంతవరకు వెతకొచ్చు. ప్రష్యా సిపాయికి ఒక్కోసారి ఈ పట్టీయే మిగిలిన దస్త్రం. దాన్ని విప్పేవాణ్ణీ, మెరిసేలా తోమేవాణ్ణీ, కవరులోని పాత కాగితాన్ని పారేసి పతకం ఒక్కటే అమ్మేవాణ్ణీ నేను నకిలీ చేసేవాడితో సమానంగానే చూస్తాను. నకిలీవాడు లేని కథని అంటిస్తాడు, వీళ్ళు ఉన్న కథని చెరిపేస్తారు.

హిండెన్‌బర్గ్ శిలువ అన్నాను కదా, అది సంతలో పది పదిహేను యూరోలకి దొరుకుతుంది, ఇనుము మీద కంచు పూత, అరవై లక్షలకి పైగా ముందు వరస సైనికులకే ఇచ్చారు. ఎవరూ దాని వంక చూడరు. నేను ఎవరికైనా మొదట కొనమని చెప్పేది అదే, చవక కాబట్టి ఎవడూ నకిలీ చేయడు. దాంట్లో మూడో రకం ఉంది, నల్ల లక్క పూసింది, కత్తులు లేనిది. చనిపోయిన సైనికుల భార్యలకీ తల్లిదండ్రులకీ ఇచ్చింది. భార్యలకి సుమారు మూడు లక్షల నలభై అయిదు వేలు, తల్లిదండ్రులకి మూడు లక్షల డెబ్బై వేల దాకా. కేటలాగుల్లో "నలుపు రకం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. యుద్ధం ముగిసిన పదహారేళ్ళకి, అర్జీ పెట్టుకుంటే, ఒక ఇనుప ముక్కా ఒక కాగితమూ. 1934 జూలై 13న జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ దీన్ని ప్రకటించాడు, మూడు వారాలకే, ఆగస్టు 2న చనిపోయాడు. అందుకని ఆ కాగితాల మీద ఎక్కువగా "ఫ్యూరర్ పేరున", అంటే హిట్లర్ పేరున, అని ఉంటుంది. మొదటి యుద్ధంలో జర్మన్ సైన్యంలో సుమారు లక్షమంది యూదులు పనిచేశారు, పన్నెండు వేల మంది చనిపోయారు. ఈ శిలువ వాళ్ళకీ, వాళ్ళ ఇళ్ళల్లోని ఆడవాళ్ళకీ కూడా ఇచ్చారు, అదే ఫ్యూరర్ పేరున, మరుసటి సంవత్సరం పౌరసత్వం లాగేసుకోవడానికి ముందు. 1918లో హిట్లర్‌కి మొదటి తరగతి ఇనుప శిలువ ఇవ్వమని సిఫారసు చేసిన లెఫ్టినెంట్ హూగో గూట్‌మన్ యూదుడే. తర్వాత ఆయనే ప్రాణం దక్కించుకోవడానికి దేశం వదిలి పోవాల్సి వచ్చింది. పది యూరోల వస్తువు ఇంత చెప్తుంది, అడిగితే.

మా అమ్మకి ఒకసారి వీడియో కాల్‌లో టేబుల్ మీదున్న 1939 శిలువ కనపడింది. "ఒరే, అదేంట్రా, స్వస్తికం వంకరగా పెట్టారు?" అంది. గడపకి పసుపు రాసి వేసుకునే గుర్తు ఆమెకి. నిజమే, ఆ శిలువ మధ్యలో అది కొన మీద నిలబెట్టినట్టు వాలి ఉంటుంది. చెప్పాను ఎవరిదో, ఏం చేశారో. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పూజ గది వైపు మాత్రం పెట్టకు నాన్నా" అంది. ఇక్కడ సంతలో అమ్మేవాళ్ళు చట్టానికి లోబడి ఆ గుర్తు మీద చిన్న స్టిక్కర్ అంటిస్తారు. మన కుర్రాళ్ళు కొందరు "మన స్వస్తికే కదా అన్నా, వీళ్ళకెందుకింత టెన్షన్" అని ఇండియాకి తీసుకెళ్ళి హాల్లో ఫ్రేము కట్టిస్తామంటారు. వద్దని గట్టిగానే చెప్తాను. నా దగ్గర అలాంటివి మూడున్నాయి, డబ్బాలో ఉంటాయి, చూపించాల్సి వస్తే చెప్పి చూపిస్తాను. గోడకి తగిలించిన క్షణంలో అది వస్తువు నుంచి అలంకారంగా మారిపోతుంది.

ఇక ఆ తమ్ముడి పతకం. కంచుది, ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల, దాని చుట్టూ "నైరుతి ఆఫ్రికా 1904-06" అని జర్మన్‌లో. రెండోవైపు కైజర్ (జర్మన్ చక్రవర్తి) కిరీటం, ఆయన పేరు మొదటి అక్షరం, కత్తులు, "విజయులైన యోధులకు" అన్న మాట. 1907లో కైజర్ నెలకొల్పింది. రిబ్బన్ మీద చిన్న లోహపు పట్టీ (పతకాలన్నీ వరసగా కుట్టే పట్టీ కాదు), దాని మీద ఒక పేరు: ఒమాహెకె.

ఒమాహెకె అంటే ఇప్పటి నమీబియా తూర్పున ఉన్న ఎడారి, అప్పుడా దేశం జర్మనీ వలస. 1904 ఆగస్టులో వాటర్‌బర్గ్ దగ్గర యుద్ధం తర్వాత హెరెరో ప్రజలు ఆడవాళ్ళతో, పిల్లలతో, పశువులతో ఆ ఎడారిలోకి పారిపోయారు. జర్మన్ జనరల్ ఫాన్ ట్రోథా వాళ్ళని అక్కడికే తరిమి, తిరిగి నీళ్ళ వైపు రానివ్వకుండా కాపలా పెట్టించాడు. అక్టోబర్ 2న ఆజ్ఞ ఇచ్చాడు, జర్మన్ సరిహద్దుల్లో కనిపించే ప్రతి హెరెరోని, చేతిలో తుపాకి ఉన్నా లేకున్నా, కాల్చేయాలని. దాహంతో చచ్చిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళని శిబిరాల్లో పెట్టారు, లూడెరిట్స్ దగ్గరి షార్క్ ద్వీపంలోని శిబిరం అన్నిటికంటే ఘోరమైంది. హెరెరోల్లో ఎక్కువమంది, నామా ప్రజల్లో దాదాపు సగంమంది పోయారు. 2021లో జర్మన్ ప్రభుత్వం అది జాతి సంహారమేనని ఒప్పుకుంది. పతకం మీద పట్టీ అంటే ఆ మనిషి ఆ చోట ఉన్నాడని రుజువు. వెర్డన్ తాత లాంటి నోటి మాట కాదు, ప్రభుత్వమే లోహం మీద కొట్టి ఇచ్చిన రుజువు. సేకరించేవాళ్ళ భాషలో ఇది "అరుదైన పట్టీ", పట్టీ లేనిదానికంటే ఖరీదు ఎక్కువ.

"చరిత్ర చరిత్రే అన్నా, మనం తీర్పులు చెప్పకూడదు, వస్తువుని కాపాడితే చాలు" అనేవాళ్ళతో నేను చాలాసార్లు వాదించాను. కాపాడాలి, నేనూ అదే అంటున్నాను. కరిగించేయమనో, పారేయమనో నేను ఎప్పుడూ అనలేదు. ఆ పతకం పోతే ఆ సైనికుడు అక్కడున్నాడన్న సాక్ష్యం పోతుంది. కానీ "విజయులైన యోధులకు" అన్న మాటని అలాగే ఉంచి, ఒమాహెకె అన్న పేరుకి అర్థం రాయకుండా అద్దాల పెట్టెలో పెడితే అది తీర్పు చెప్పకపోవడం కాదు, కైజర్ చెప్పిన తీర్పుని మనం మళ్ళీ చెప్పడం. పతకం మాట్లాడకుండా ఉండదు. చేసినవాడు ఏం చెప్పమన్నాడో అదే చెప్తుంది, పక్కన మనం ఇంకో మాట పెట్టేదాకా.

అందుకని నేను ఆ తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేశాను. పైన రాసిందంతా చెప్పాను. కొంచెం కోపమొచ్చింది, "కొనేముందు చెప్పాల్సింది కదన్నా" అన్నాడు, "నువ్వు అడగలేదు, నేనూ అడిగినదానికే చెప్పాను, నా తప్పు కూడా ఉంది" అన్నాను. అమ్మేస్తానన్నాడు. అమ్మితే కొన్నవాడు ఆ పట్టీ చూసి మురిసిపోతాడు, అంతే కదా, నువ్వే ఉంచుకుని పక్కన కార్డు రాయి అన్నాను. ఇద్దరం కలిసి రాశాం, తెలుగులో ఒకటి, జర్మన్‌లో ఒకటి. ఏమి లోహం, ఏ సంవత్సరం, ఎవరిచ్చారు, పట్టీ మీది పేరు ఏ చోటు, ఆ చోట ఏం జరిగింది, ఎంతమంది. ఏడు లైన్లు.

అది పూర్తయ్యాక వాడు వేరే మాట మొదలుపెట్టాడు. వాళ్ళ ముత్తాత మొదటి యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ సైన్యంతో వెళ్ళొచ్చాడట, ఊళ్ళో ఇనప్పెట్టెలో గుండ్రటి బిళ్ళ ఒకటి ఉంటుందట, ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. నేను కుర్చీలోంచి లేచాను. వెండిదా కంచుదా అని అడిగాను, తెలియదన్నాడు. వెండిదైతే సిపాయి, కంచుదైతే కూలీల దళంలోనో మోతపనిలోనో వెళ్ళి ఉండొచ్చు. ముందూ వెనకా ఫోటో అక్కర్లేదు, అంచు ఫోటో తీయించమన్నాను, చుట్టూ తిప్పుతూ నాలుగు ఫోటోలు, పగటి వెలుతురులో. అంచు మీద నంబరు, పేరు, దళం ఉంటాయి. వాళ్ళ నానమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పమన్నాను, మనవడు అడిగాడు కదా అని చింతపండు పెట్టి తోమేయొద్దని.